లైన్‌ల ఎవరున్నరు

మాలియా బస్టాపు దగ్గర
శుక్రవారం నమాజు అయిపోయి
చెప్పుల చప్పుడు సద్దుమణిగినంక
గిద్యోను వస్తడు.
ఇస్త్రీ చొక్కా. కాలరు మీద
ఏసీ డక్టుల పనిల అంటిన వెండిరంగు మరక.
స్తంభానికి ఆనుకొని ఫోను చెవికి పెట్టుకుంటడు.
"హలో అండి. వినపడుతోందా అండి?"

అవతల ఎవ్వరుండరు.
ఈ దేశంల రోడ్డు మీద నిలబడి దేవుని మాట చెప్పరాదు.
ఫోన్ల మాట్లాడితె ఎవడేమంటడు?

నా డబ్బా కొట్టు ఆయనకు నాలుగడుగులు.
పగిలిన అద్దాలు మారుస్త, చార్జింగు పిన్నులు గీకుత,
ఇష్టమున్నా లేకున్నా వింట.
"మీ పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉన్నా సరేనండి,
మీ పేరు ఒకాయనకి కంఠతా వచ్చు.
ఆయన అకామా అడగడు. మెడికల్ అడగడు.
ఎండకి కళ్ళు తిరిగి కూర్చుంటే
గంట జీతం కొయ్యడండి."

మలయాళీ నర్సులు ఒక్క గొడుగు కింద ముగ్గురు
నవ్వుకుంట పోతరు.
కార్లు కడిగే బంగ్లా పిలగాడు బకెటు కింద పెట్టి
భాష తెల్వకున్నా గొంతుల ఎగుడుదిగుడు విని
మళ్ళ బకెటెత్తుకుంటడు.
ఒక కువైటీ పెద్దాయన కారు అద్దం దించి చూస్తడు, ఎక్కిస్తడు.
ఆ లోపటి సల్లగాలి
రెండు సెకన్లు మా మొఖానికి తగుల్తది.
మా హన్మాండ్లుకైతె ప్రతి వారం ఒక్కటే అనుమానం:
"గింతసేపు మాట్లాడుతుండు,
బ్యాలెన్సు ఎవడేస్తుండురా?"

రాయచోటి ఆడోళ్ళు వీపు తిప్పి నిలబడ్తరు
బస్సు కోసమే అన్నట్టు.
వారానికి నాలుగ్గంటల సెలవు వాళ్ళది.
అండ్ల ఓబులమ్మ మూడు బస్సులు వదుల్తది.
"గింత భక్తా అక్కా?" అంటె
"యాడి భక్తి లేబ్బా.
ఇంట్లో పొద్దన్నుంచి తాలీ, తాలీ అంటాంటారు.
నన్ను అండీ అనేది ఈయప్ప ఒగడే."

నేను కొండగట్టు అంజన్నకు మొక్కేటోణ్ణి.
అప్పులోళ్ళకు భయపడి రెండుసార్లు సిమ్ము మార్చినోణ్ణి.
నాకెందుకీ ముచ్చట అనుకుంట, మళ్ళ చెవి అటే వేస్త.

పోయిన శుక్రవారం పొద్దుగాల ఫోను తెచ్చిండు.
"మోగట్లేదు బాబూ,
ఇంటి దగ్గర్నుంచి చేస్తే తెలీట్లేదు."
కొత్త స్పీకరేసిన.
అర దినారు ఇయ్యబోతె పావు చాలన్న.
సైలెంటు సంగతి చెప్పుడు మర్చిపోయిన.

మధ్యాహ్నం మాట మంచి ఊపు మీదుంది.
"ఎవరూ లేరనుకోకండి,
అవతల ఎప్పుడూ ఒకరు..."
ఫోను మోగింది.
చెవికి ఆనిచ్చుకున్న ఫోనే మోగింది.

హన్మాండ్లు నవ్వు బస్సు హారన్‌ను మింగింది.
బంగ్లా పిలగాడు బకెటు వదిలేసి నవ్విండు.
ఆడోళ్ళు మొదటిసారి ఇటు తిరిగి
గిద్యోను మొఖం ఎట్లుంటదో చూసిండ్రు.
ఆయన ఫోను దిక్కు చూసిండు
దొంగతనంల ఎవరో చెయ్యి పట్టుకున్నట్టు.
ఎత్తిండు.

"ఆఁ.
ఆఁ.
ఎంతకడిగాడు?
..."
గంటలు గంటలు చెప్పేటి మనిషి
గంతసేపు వినంగ ఎన్నడు చూడలే.
"సరే. ఇచ్చేయండి.
పిల్లోడికి చెప్పకండి."

పడవనో, ఇంటి స్థలమో, పెండ్లాం మెడలదో
నాకు తెల్వది.
తెర ఆరిపోయింది.
ఆయన చెవి మీదికెల్లి ఫోను దించలే.
నవ్వు నడుమ ఆగిపోయి
హన్మాండ్లు నోరు తెరిచినకాడ్నే ఉంది.

ఓబులమ్మ పక్కకొచ్చింది, మూరెడు దూరంల ఆగింది.
సంచిలకెల్లి తన ఫోను తీసి
చెవికి పెట్టుకొని
రోడ్డు దిక్కే చూసుకుంట అన్నది:
"హలో అండీ.
ఇనపడతాండాదా?"

బస్సొచ్చింది, పోయింది. ఇంకోటొచ్చింది.
ఆయనేమన్నడో ట్రాఫిక్‌ల నాకు వినపడలే.

సైలెంటుల ఎట్ల పెట్టుకోవాల్నో
ఇంకా గిద్యోనుకు చెప్పలే.
చెప్పాల్నా వద్దా
నాకింకా తెగలే.